దిగరాదు వెంటనే

1961లో వానలు వరుసగా రెండో ఏడు కూడా మొహం చాటేశాయి. ఉరవకొండ చుట్టుపక్కల వేరుశనగ జానెడు లేచి మాడిపోయింది. బావుల్లో నీళ్లు అడుగంటి రాయి తేలింది. ఆ రాయిని పగలగొట్టి బావులు లోతు చేసుకొమ్మని సర్కారు ఒక పథకం పెట్టింది. అంతవరకు ఊళ్లలో నల్లమందు కూరి రాయి పేల్చేవాళ్లు. ఇప్పుడు కొత్త రకం తూటాలు, కొత్త రకం వత్తి పెట్టెల్లో పంచాయతీ సమితి ఆఫీసుకు వచ్చాయి. పెట్టె మూత మీద కంపెనీవాళ్ల సూచనలు ఇంగ్లీషులో ఉన్నాయి. ఇరుకు జాగాలో, అన్నీ పెద్ద అక్షరాలతో, ఎక్కడా చుక్క గాని కామా గాని లేకుండా, ఒక్కో వరుసలో పట్టినన్ని మాటలు కుక్కి అచ్చు వేశారు.

దాన్ని తెలుగు చేసే పని హెడ్ క్లర్కు బయ్యన్న మీద పడింది. బయ్యన్న చెడ్డవాడు కాదు, బద్ధకస్తుడూ కాదు. పై నుంచి వచ్చిన మాటను మార్చడమంటే మాత్రం ఆయనకు భయం. ఒక ఇంగ్లీషు మాట, దాని కింద ఒక తెలుగు మాట, అలా వరుసగా రాసి, బి.డి.ఓ. గారి సంతకం చేయించి, కాగితాన్ని రామాంజినమ్మ బల్ల మీద పెట్టాడు.

రామాంజినమ్మ ఆ ఆఫీసులో టైపిస్టు. ధర్మవరంలో మగ్గం నేసేవాళ్ల ఇంటి పిల్ల. వాళ్ల నాయన పట్టుబట్టి అనంతపురంలో టైపు నేర్పించాడు. ఆఫీసులో ఇంగ్లీషు మిషను ఒక్కటే ఉండేది. తెలుగు కాగితాలన్నీ మైనపు స్టెన్సిల్ మీద ఇనుప మొన కలంతో చేత్తోనే రాయాలి. ఆమె అక్షరం గుండ్రంగా ఉంటుంది కనుక ఆ పనీ ఆమెదే అయింది.

కాగితంలో ఆరో సూచన దగ్గర ఆమె కలం ఆగింది.

"తూటా పేలనియెడల బావిలోనికి దిగరాదు వెంటనే వత్తిని పరీక్షించవలెను ఒక గంట తరువాత పని తిరిగి ప్రారంభింపవచ్చును."

ఆమె రెండుసార్లు చదివి బయ్యన్న దగ్గరికి వెళ్లింది.

"సార్, ఈ 'వెంటనే' ముందరి మాటదా, వెనకాల మాటదా? దిగరాదు అన్నాక చుక్క పెట్టాల్నా, వెంటనే అన్నాక పెట్టాల్నా?"

బయ్యన్న కళ్లద్దాలు సవరించుకుని ఇంగ్లీషు చూశాడు, తెలుగు చూశాడు.

"ఇంగ్లీషులో చుక్క ఉండాదా?"

"లేదు సార్."

"మరి మనం పెట్టేదేంది? కంపెనీవాళ్లు పెట్టని చుక్క నువ్వు పెట్టి, రేపు ఏమన్నా అయితే ఎవురు జవాబు చెప్పల్ల? ఎట్లుంటే అట్ల రాయమ్మా."

ఆమె అట్లే రాసింది. సాయంత్రానికి స్టెన్సిల్ నుంచి తీసిన కాగితాలు ఊళ్లకు వెళ్లిపోయాయి.

నల్లగుండ్లపల్లెలో చిన్నప్ప అనే రైతు బావిలో పని మొదలైంది. రాయి పేల్చేవాడు ఓబుళేసు. సమ్మెట పట్టిన నాటి నుంచి బావులే అతని బతుకు. నల్లమందు గుణం అతనికి తన చెయ్యి తెలిసినట్టు తెలుసు. కొత్త తూటా గుణం తెలియదు. అందుకే గ్రామసేవకుడు తిప్పేస్వామిని పిలిచి, పనివాళ్లందరినీ కూర్చోబెట్టి, సర్కారు కాగితం చదివించుకున్నాడు. అర్థం కానిచోట మళ్లీ చదివించుకున్నాడు. తిప్పేస్వామి ఓపికగా చదివాడు.

మూడోనాడు మధ్యాహ్నం ఒక తూటా పేలలేదు. వత్తికి నిప్పంటించి పైకొచ్చి నిలబడ్డారు. చప్పుడు లేదు. నల్లమందు అయితే ఓబుళేసు కడవెడు నీళ్లు కుమ్మరించి ఊరుకునేవాడు. ఇది కొత్త మందు, కాగితం చెప్పినట్టు చేయాలి. గోడలోంచి పొడుచుకొచ్చిన రాతి మెట్ల మీదుగా దిగి, కడపటి మెట్టు మీద నిలబడి, వత్తి ఎంతవరకు కాలిందో చూడటానికి వంగాడు. అప్పుడు పేలింది.

ప్రాణం పోలేదు. బళ్లారి పెద్దాసుపత్రిలో కుడిచేతి మూడు వేళ్లు తీసేశారు. రెండు కళ్లూ పోయాయి.

అతని భార్య మారెక్క బళ్లారి నుంచి తిరిగొచ్చిన మర్నాడే సమితి ఆఫీసుకు వచ్చింది. చేతిలో ఆ కాగితం ఉంది. మడతల దగ్గర నలిగి ఎర్రమట్టి అంటుకుని ఉంది. లోపలికి పోనివ్వకపోతే వరండాలో టైపు మిషను చప్పుడు వినిపించే కిటికీ దగ్గర నిలబడింది.

"అమ్మా, నాకు సదువు రాదు. మావాడు కాయితం చెప్పింది చేయలేదని అంటాండారు. దీంట్లో ఏముండాదో నువ్వు చదివి చెప్పు."

రామాంజినమ్మ కాగితం అందుకుని, చదవబోయి, ఆగిపోయింది. ఓబుళేసు మెట్టు మీద నిలబడి ఎందుకు వంగాడో ఆమెకు అప్పుడు తెలిసింది.

"ఈ అక్షరాలు నావే అక్కా," అంది. "ఈడ ఒక చుక్క పెట్టాల్నా అని అడిగినా. వద్దంటే ఊరుకున్నా."

మారెక్క కాగితం వెనక్కి తీసుకుని మడిచింది. తిట్టలేదు, ఏడవలేదు.

"అయితే ఇప్పుడు ఊరుకోగాకు," అంది.

ఆ వారంలోనే బి.డి.ఓ. జిల్లాకు పంపవలసిన నివేదికను ఇంగ్లీషులో చెప్పి రాయించాడు. ఆయన కృష్ణా జిల్లా మనిషి, కొత్తగా వచ్చాడు, పని మీద శ్రద్ధ ఉన్నవాడే. కాని ఆ కాగితం కింద సంతకం ఆయనది. నివేదికలో ఒక మాట ఉంది. పనివాడికి స్పష్టమైన ఆదేశాలిచ్చినా, వాటిని ఉల్లంఘించి బావిలోకి దిగాడని.

రామాంజినమ్మ అంతవరకు టైపు చేసి, కాగితం మిషనులోనే ఉంచి, ఆయన గదిలోకి వెళ్లింది.

"ఈ మాట నేను టైపు చేయను సార్."

బి.డి.ఓ. తలెత్తాడు. "ఏ మాట?"

"స్పష్టమైన అన్న మాట. ఉల్లంఘించి అన్న మాట. రెండూ అబద్ధమే."

"వెంటనే దిగరాదు అనేగా దాని అర్థం? ఇంగ్లీషు వచ్చినవాడు ఎవడైనా అలాగే చదువుతాడు."

"ఇంగ్లీషు వచ్చినవాళ్లు బావిలో దిగరు సార్."

ఆయన మొహం ఎర్రబడింది. "నీ ఉద్యోగం టైపు చేయడం. అర్థాలు చెప్పడం కాదు."

"అప్పుడు కూడా అదే అనుకొని ఊరుకున్నా సార్. ఈసారి ఊరుకోను. కావాలంటే నా మీద రాసుకోండి."

ఆమె తన బల్ల దగ్గరికి వచ్చి కూర్చుంది. చేతులు ఒళ్లో పెట్టుకుని కదలలేదు. కాసేపటికి బయ్యన్న వచ్చాడు. ఆమె మొహం చూడకుండా మిషనును తన వైపు తిప్పుకుని, రెండు వేళ్లతో ఒక్కొక్క అక్షరమే వెతుక్కుంటూ మిగతా నివేదిక తానే కొట్టాడు. నివేదిక అనంతపురం పోయింది. ఆమె కాదన్నందువల్ల ఏమీ ఆగలేదు. సాయంత్రం ఇంటికి పోతూ ఆమె ఆ సంగతి తలచుకుని పళ్లు కొరుక్కుంది.

విచారణ నల్లగుండ్లపల్లె బడి వరండాలో పెట్టారు. జిల్లా నుంచి వచ్చిన అధికారి వయసు మళ్లిన మనిషి, నెమ్మదిగా మాట్లాడేవాడు. బావి పనివాళ్లంతా నేల మీద కూర్చున్నారు. ఓబుళేసును మారెక్క చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. కళ్లకు ఇంకా కట్టు ఉంది. రామాంజినమ్మను ఎవరూ పిలవలేదు. సెలవు చీటీ రాసి పెట్టి, బస్సు దిగి, ఎండలో నడిచి వచ్చి పనివాళ్ల వెనకాల నిలబడింది.

"దిగరాదు అని రాసి ఉందిగా, ఎందుకు దిగావు?" అని అధికారి అడిగాడు.

"దిగలేదు సామీ," అన్నాడు ఓబుళేసు. "అడుక్కు కాలు పెట్టనే లేదు. కడపటి మెట్టు మీద నిలబడి వంగి చూసినా. దిగొద్దన్నారు. వెంటనే వత్తిని చూడమన్నారు. రెండూ చేయల్లంటే ఇంకెట్ల చేయల్ల సామీ? మీరే చెప్పండి."

గ్రామసేవకుడు తిప్పేస్వామి తల వంచుకుని కూర్చున్నాడు.

బి.డి.ఓ. గొంతు సవరించుకున్నాడు. "సార్, వెంటనే అన్న మాట దిగరాదు అన్నదానికి, ఒక గంట తరువాత అన్నది పరీక్షించవలెను అన్నదానికి చెందుతాయి. చదివి వినిపించినవాడు తప్పు చదివాడు."

"నేను మాట్లాడల్ల సార్," అంది రామాంజినమ్మ.

అందరూ వెనక్కి తిరిగారు. బి.డి.ఓ. లేచాడు. "నువ్వు ఆఫీసు మనిషివి. నిన్నెవరు రమ్మన్నారు?"

"ఆఫీసు మనిషిని కాబట్టే వచ్చినా. ఆ కాగితం రాసింది నేను." ఆమె పనివాళ్ల మధ్యలోంచి ముందుకు వచ్చింది. "తిప్పేస్వామి తప్పు చదవలేదు. ఓబుళేసన్న తప్పు వినలేదు. సార్, దయచేసి మీరే ఒకసారి పైకి చదవండి. ఇంతకు ముందు చూడనట్టు చదవండి."

అధికారి ఆమెను ఎగాదిగా చూసి, కాగితం తీసుకుని, చదవడం మొదలుపెట్టాడు. "తూటా పేలనియెడల బావిలోనికి దిగరాదు..." అని ఊపిరి తీసుకున్నాడు. "వెంటనే వత్తిని పరీక్షించవలెను..." అని మళ్లీ ఊపిరి తీసుకుని, అక్కడితో ఆగిపోయాడు. కాగితాన్ని కళ్లకు దగ్గరగా పట్టుకుని మనసులో ఇంకోసారి చదువుకున్నాడు.

"మీరు చదవండి," అని దాన్ని బి.డి.ఓ. చేతికిచ్చాడు.

బి.డి.ఓ. ఎక్కడా ఆగకూడదని పట్టుదలగా చదివాడు. చివరికి వచ్చేసరికి ఊపిరి అందక ఆయన గొంతు కీచుమంది. పనివాళ్లలో ఎవరో కిసుక్కుమన్నారు.

"నవ్వొద్దండప్పా," అన్నాడు ఓబుళేసు. "నవ్వే సంగతి కాదు."

నెల తర్వాత తీర్పు వచ్చింది. ఉల్లంఘించాడన్న మాట కొట్టేశారు. దాని బదులు, ప్రమాదం దైవికంగా జరిగిందని, ఎవరి తప్పూ లేదని రాశారు. తిప్పేస్వామి సంతోషంగా ఆ సంగతి చెప్పడానికి ఓబుళేసు ఇంటికి వెళ్లాడు. మారెక్క సంతోషించలేదు.

"దేవుడు రాసినాడా ఆ కాయితం?" అంది.

రామాంజినమ్మకూ ఒక కాగితం వచ్చింది. అనుమతి లేకుండా విచారణలో జోక్యం చేసుకున్నందుకు, పై అధికారి ఆజ్ఞ కాదన్నందుకు, క్షమాపణ రాసివ్వాలని. ఆమె ఆ రోజే జవాబు రాసింది. తాను చేసిన తప్పు ఒక్కటేనని, మొదటిసారి అడిగినప్పుడు ఊరుకోవడమే అదని, దానికి క్షమాపణ ఓబుళేసుకు చెప్పుకున్నానని, ఆఫీసుకు చెప్పవలసింది ఏమీ లేదని. సెలవుకు ధర్మవరం పోయినప్పుడు వాళ్లమ్మ ఆ జవాబు విని నెత్తి కొట్టుకుంది. నాయన మాత్రం మగ్గం ఆపకుండా, "రాసినావు గదా, ఇంక దిగులు పడగాకు," అన్నాడు.

పాత కాగితం ఇంకా ఊళ్లలోనే ఉంది. ఊరూరా బావుల్లో పని నడుస్తూనే ఉంది. దాన్ని వెనక్కి తెప్పించి కొత్తది పంపుదామని ఆమె అడిగితే, పై నుంచి ఆజ్ఞ రావాలన్నాడు బి.డి.ఓ. ఎప్పుడొస్తుందో ఆయనకూ తెలియదు.

ఆదివారం ఆమె తిప్పేస్వామిని వెంటబెట్టుకుని ఓబుళేసు ఇంటికి వెళ్లింది. కొత్తగా రాసిన సూచనలు సంచిలో ఉన్నాయి. చిన్న చిన్న వాక్యాలు చేసి, ప్రతిదాని చివరా చుక్క పెట్టి, బాగా వచ్చిందని తృప్తి పడింది. ఓబుళేసు గోడకు ఆనుకుని కూర్చుని, "చదువు," అన్నాడు.

"తూటా పేలకపోతే ఒక గంట వరకు బావిలోకి దిగరాదు."

"ఆడ ఆగు. గంటంటే ఎంత? మాకు గడియారం యాడుండాది? బీడీ తాగేవానికి ఒక గంట, ఎదురుసూసేవానికి ఒక గంట."

"మరి ఎట్ల చెప్పల్ల?"

అతను ఆలోచించాడు. "అందురూ ఇంటికి పోయి అన్నం తిని రమ్మని రాయి. బాయికాడ కూసుంటే మనసాగదు. ఎవుడో ఒకడు తొంగి సూస్తాడు."

ఆమె రాసుకుంది. తర్వాతి వాక్యం చదివింది. "అనంతరం వత్తిని పరీక్షించవలెను."

"పరీక్షించడమంటే?" అన్నాడు. తర్వాత తానే, "అన్నం తిన్యాక సూడాల అని రాయి. మెట్టు మాట కూడా రాయి. మెట్టు మీద నిలబడినా దిగినట్టే అని తెలియల్ల."

రామాంజినమ్మ కాస్త తటపటాయించింది. "అన్నా, సర్కారు కాగితంలో 'అన్నం తిని', 'సూడాల' అని రాయరు. అందరూ నవ్వుతారు."

"నువ్వు మాకు రాస్తాండావా, ఆఫీసుకు రాస్తాండావా?"

ఆమె తాను తెచ్చిన కాగితం చింపేసి కొత్తగా రాయడం మొదలుపెట్టింది. సాయంత్రం దాకా కూర్చున్నారు. ఒక్కో వాక్యం రాయడం, మారెక్కకు వినిపించడం, "ఇప్పుడు నువ్వు ఏం చేస్తావక్కా?" అని అడగడం. మారెక్క చెప్పింది వేరుగా ఉంటే మళ్లీ రాయడం. చివరికి మిగిలింది ఇంతే:

"తూటా పేలలేదా? బాయిలోకి దిగొద్దు. మెట్టు మీద కూడా కాలు పెట్టొద్దు. తొంగి చూడొద్దు. అందరూ ఇంటికి పోండి. అన్నం తిని రండి. ఆ తర్వాతనే వత్తిని చూడాల."

ఆఫీసులో స్టెన్సిల్ ముట్టుకోవద్దని ఆమెకు ఆజ్ఞ అయింది. అందుకని కాగితం మాట మానేశారు. చిన్నప్ప బావి గట్టు మీద నిలువెత్తు బండ ఉంది. దానికి సున్నం పూసి, ఆరిన తర్వాత ఎర్రటి జాజుమన్నుతో రామాంజినమ్మ పెద్ద అక్షరాలు రాసింది. తిప్పేస్వామి జాజు కలిపి ఇచ్చాడు. వాక్యం అయినప్పుడల్లా మారెక్క, "ఈడ ఆగాల్నా?" అని అడిగి, బొటనవేలు జాజులో ముంచి గట్టిగా అద్దింది. దూరం నుంచి అక్షరాల కంటే ఆ చుక్కలే ముందు కనిపించేవి. చదువు రాని పనివాళ్లు కూడా ఒక్కో చుక్క మీద వేలు పెట్టి, ఒక్కో మాట గుర్తు పెట్టుకుని వల్లించసాగారు.

సంగతి బి.డి.ఓ. చెవిన పడింది. జీపులో వచ్చాడు, బంట్రోతుతో బకెట్టెడు సున్నం తెప్పించాడు.

"అనుమతి లేని ప్రకటన ఇది. చెరిపేయండి."

చిన్నప్ప కాడెద్దులను ఆపి వచ్చాడు. "బాయి నాది సార్. బండ నాది. నా బండ మీద నేను ఏం రాయించుకుంటే మీకేం?"

"సూచనలు ఇచ్చేది సర్కారు. ఎవరికి తోచినట్టు వాళ్లు రాస్తే ఎలా?"

"సర్కారు రాసిందానికి మావాని కండ్లు పోయినాయి," అంది మారెక్క. ఆమె బండ పక్కనే జాజు కుండ పట్టుకుని నిలబడి ఉంది. "చెరపండి సార్. మీరు పోతానే మళ్లా రాస్తాం. మళ్లా వచ్చి చెరపండి. మీకు సున్నం ఎంతుండాదో, మాకు ఎర్రమన్ను అంతకంటే ఎక్కువుండాది."

బంట్రోతు బి.డి.ఓ. వైపు చూసి, మెల్లగా సున్నం పూశాడు. జీపు వెళ్లిపోయింది. అది లేపిన దుమ్ము ఇంకా దిగకముందే మారెక్క కొంగుతో తడి సున్నం తుడవడం మొదలుపెట్టింది. తర్వాతి ఆదివారానికి ఆ మాటలు పక్క ఊరి బావుల మీద కూడా కనిపించాయి. కొన్నిచోట్ల అక్షరాలు వంకరగా ఉన్నాయి. కొన్నిచోట్ల ఒక మాట ఎగిరిపోయింది. చుక్కలు మాత్రం ఎవరూ మరిచిపోలేదు. బి.డి.ఓ. మళ్లీ సున్నం పంపలేదు.

వేసవిలో రామాంజినమ్మకు మడకశిర బదిలీ అయింది. జీతం పెంపు ఆపేశారు. బస్సు దగ్గరికి బయ్యన్న వచ్చాడు. చేతిలో మడిచిన కాగితాలున్నాయి.

"రెండు ముక్కలు క్షమాపణ రాసిస్తే బదిలీ ఆపుతానన్నాడమ్మా సారు. ఇప్పుడన్నా..."

"రాయను సార్."

"నువ్వు రాయవని నాకు తెలుసు. అడగమన్నాడు, అడిగినా." ఆయన కాగితాలు విప్పాడు. "పురుగుమందు చల్లేదాన్ని గురించి ఇంగ్లీషులో వచ్చింది. తెలుగు చేసినా. మూడు చోట్ల నాకే అర్థం కాలేదు. చుక్క యాడ పెట్టాల్నో నువ్వు చెప్పి పో."

ఆమె చదివింది. డ్రైవరు హారన్ కొట్టాడు.

"నాక్కూడా తెలీదు సార్. దీన్ని పంపేముందు ఆ మందు చల్లేవాళ్లను కూర్చోబెట్టి చదివి వినిపించండి. ఏం చేస్తారో వాళ్లనే చెప్పమనండి. వేరుగా చెప్తే మళ్లీ రాయండి."

"బి.డి.ఓ. ఒప్పుకోడమ్మా."

"అడగొద్దు సార్. చేయండి."

బయ్యన్న కాగితాలు మడిచి జేబులో పెట్టుకున్నాడు. బస్సు కదిలినా ఆయన పక్కకు జరగలేదు. కిటికీ పట్టుకుని రెండడుగులు నడుస్తూ, "ఉరవకొండ సంత బుధవారం గదా, ఆడికి పోతే దొరుకుతారా చల్లేవాళ్లు?" అని అడిగాడు.

"దొరుకుతారు సార్," అంది రామాంజినమ్మ. "పొద్దున్నే పోండి."